మా అమ్మ చేతులకు పసుపు పూసినోళ్లు

నేను కథ అమ్ముకోడానికి హైదరాబాదు పోయినోణ్ణి. ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గు లేదు. చెప్పులు కుట్టి అమ్మినాయన మనవణ్ణి. పొగాకు కంపెనీలో రెక్కలు అమ్ముకున్నదాని కొడుకుని. అమ్ముకోవడం మాకు కొత్తేమీ కాదు. సిగ్గుపడాల్సింది వేరే ఉంది. అది కూడా దాచకుండా చెప్తాను.

మాది ఒంగోలు దగ్గర ఒక పల్లె. పల్లె అంటే మీరు పాటల్లో పాడుకునే పల్లెటూరు కాదు. మా వైపు ఊరు వేరు, పల్లె వేరు. ఊరంటే వాళ్లుండేది. పల్లె అంటే మేముండేది. మాది మాదిగపల్లె. నేను పుట్టింది 1988లో, కారంచేడు జరిగిన మూడేళ్లకు. మా నాయన డప్పు కొట్టేవాడు, కూలికి పోయేవాడు. మా అమ్మ పొగాకు పని చేసేది. చేలో పచ్చాకు కోసినప్పుడు చేలో, బ్యారన్ కాడ కర్రలకు ఆకు కట్టేటప్పుడు బ్యారన్ కాడ, గ్రేడింగు మొదలయ్యాక కంపెనీలో. తెల్లారుజామున ట్రాక్టరు వచ్చి పల్లె మొదట్లో ఆగేది. మేస్త్రి పేర్లు పిలిచేవాడు. పేరు పిలవకపోతే ఆ రోజుకి కూలి లేదు.

పచ్చాకు పట్టిన చేతులు మీరు చూసి ఉండరు. బంక పట్టి నల్లగా తారు పూసినట్టుంటాయి. సబ్బుకు పోదు. మా అమ్మ పచ్చి టమాటా కాయ నలిపి రుద్దుకునేది. అయినా గోళ్ల సందుల్లో ఉండిపోయేది. ఆ చేత్తో అన్నం కలిపితే అన్నం చేదు. అందుకని రాత్రిపూట నేను అన్నం కలిపి మా అమ్మకు ముద్దలు పెట్టేవాణ్ణి. ఏడెనిమిదేళ్లుంటాయి నాకు. లోకంలో తల్లులు పిల్లలకు ముద్దలు పెడతారని నేను బళ్లో పాఠంలో చదువుకున్నాను. మా ఇంట్లో సీజను ఉన్నన్నాళ్లూ అది తిరగబడి జరిగేది.

టీవీ నాకు కిటికీలోంచి పరిచయం. ఊళ్లో ఒక ఆసామి ఇంట్లో ఉండేది. ఆదివారం సాయంత్రం సినిమా వస్తే పల్లె పిల్లలం గోడ దూకి కిటికీ అవతల నిలబడి చూసేవాళ్లం. వాళ్ల బుద్ధి పుట్టినన్ని రోజులు చూడనిచ్చేవాళ్లు. ఎవరైనా లేచి కిటికీ తలుపేస్తే ఆ సినిమా మాకు అక్కడితో అయిపోయినట్టే. తొంభైల చివర దూరదర్శన్‌లో ‘ఋతురాగాలు’ వచ్చే రోజుల్లో మా అమ్మ కూడా పని నుంచి వస్తా వస్తా ఆ కిటికీ కాడ ఆగేది. నెత్తిన మూట దించకుండానే చూసేది. కథ మధ్యలో వచ్చేది, మధ్యలో పోయేది. ఇంటికొచ్చి మిగతా కథ తనే కల్పించి చెప్పేది. నాకు తెలిసిన మొదటి సీరియల్ రచయిత మా అమ్మ.

తర్వాత సంగతి మీకు తెలిసిందే. సోషల్ వెల్ఫేర్ హాస్టలు, పలచటి సాంబారు, డిగ్రీ, బీఈడీ. మా వంశంలో డిగ్రీ చేసినోణ్ణి నేనే మొదలు. 2014 డీఎస్సీలో తెలుగు మాస్టారి ఉద్యోగం వచ్చింది. మా నాయన దాన్ని చూడకుండానే పోయాడు. జీతం మొదటి నెలలో రంగుల టీవీ కొన్నాను. మా అమ్మ దాని ఎదురుగా కుర్చీలో కూచోలేదు. కింద కూచుంది. కిటికీ అవతల నిలబడ్డ అలవాటు కదా, కుర్చీ కొత్త.

ఆ టీవీలో సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా సీరియళ్లు. పదేళ్లుగా చూస్తున్నాను. తెలుగు దేశంలో ఎవరూ కూలికి పోరు. అందరికీ మేడలే. మేడలో మెట్లు, మెట్ల మీద పట్టు చీరలు. అత్త విషం కలుపుద్ది, కోడలు తాగదు. పేదపిల్ల ఉంటే ఆమె పేదరికం నాలుగు వందల ఎపిసోళ్ల తర్వాత తీరిపోద్ది, ఎందుకంటే ఆమె ఎవరో కోటీశ్వరుడికి తప్పిపోయిన కూతురు. మాలా మాదిగా అనే మాట సీరియల్లో నేను ఒక్కసారి కూడా వినలేదు. పనివాళ్లుంటారు, వాళ్లకి ఇల్లుండదు. కాఫీ ఇచ్చి ఫ్రేములోంచి పోతారు. ఎక్కడికి పోతారో ఎవరికీ అక్కర్లేదు.

‘కార్తీక దీపం’ చూడండి. మలయాళం సీరియల్ ఆధారంగా తీసినది. 2017లో మొదలై 2023 దాకా నడిచింది. మా పల్లెలో దాన్ని చూడని ఇల్లు లేదు. నల్లపిల్ల కథ అన్నారు. ఆ పాత్ర వేసిన నటికి రంగు తగ్గించే మేకప్పు వేశారు. నల్లటి ఆడపిల్లకు కరువొచ్చిన దేశమా ఇది? నలుపును చూపించడానికి కూడా తెల్ల చర్మం మీదే పూయాల్సొచ్చింది. ఆ నలుపుకి కులం లేదు, ఎండ లేదు, పొలం లేదు. మా ఆడవాళ్లు మాత్రం ఆమెను చూసి ఏడ్చారు. వాళ్ల ఏడుపు నిజం. నేను వాళ్లని ఎగతాళి చేయడం లేదు. ఇంత ఉత్తుత్తి నలుపుకే ఇంత ఏడిస్తే అసలు నలుపు చూపిస్తే ఏమైపోతారో అని నాకు ఆశ పుట్టింది. ఆ ఆశే నన్ను హైదరాబాదు బస్సు ఎక్కించింది.

2019 ఎండాకాలం సెలవులు. మా పక్కపల్లె కుర్రోడొకడు కృష్ణానగర్‌లో ఉండేవాడు. ఒక రైటరు కింద పనిచేసేవాడు. ఆ పని పేరు ఘోస్టు. అంటే దెయ్యం. రాసేది ఇతను, పేరు పడేది రైటరుగారిది. ఎపిసోడుకి మూడొందలు, అదీ రెండు నెలలు ఆగి. నలుగురు కుర్రాళ్లు ఒక రేకుల గదిలో. ఆ గదిలో పడుకుని నేను ఈ వ్యాపారం నేర్చుకున్నాను. మన పిల్లలకు పనికొస్తుందని చెప్తున్నాను, వినండి.

సీరియల్ ముందు కాన్సెప్టు నోటుగా పుడుతుంది. రెండు మూడు పేజీలు. ఎవరి కథ, ఏం కావాలి, ఏది అడ్డం. అది నచ్చితే బైబిలు అడుగుతారు. మన చర్చిలో బైబిలు కాదు. పాత్రల పుట్టుపూర్వోత్తరాలు, వాళ్ల ఇళ్లు, వాళ్ల మాటతీరు, మొదటి ఆరు నెలల కథ, ఎక్కడెక్కడ మలుపు, అన్నీ అందులో ఉంటాయి. తర్వాత వన్‌లైను. ఒక్కో ఎపిసోడు ఒక్కో ముక్క. తర్వాత సీన్లు, తర్వాత మాటలు. అరగంట స్లాటుకి ప్రకటనలు పోగా ఇరవై ఇరవై రెండు నిమిషాలు తీయాలి. వారానికి అయిదారు ఎపిసోళ్లు. అందుకే కొన్ని రోజుల ఎపిసోళ్లు ముందే తీసి పెట్టుకుంటారు, దాన్ని బ్యాంకు అంటారు. చానలు నిర్మాతకి ఎపిసోడుకింత అని ఇస్తుంది, కానీ అది నెలల తర్వాత. అందాకా లైట్లకి, అద్దె ఇంటికి, భోజనాలకి డబ్బు నిర్మాత జేబులోంచి రావాలి. కాబట్టి నిర్మాత అవాలంటే ముందు డబ్బుండాలి. రైటరు అవాలంటే రెండు మూడేళ్లు జీతం లేకుండా బతకగలగాలి. అసిస్టెంటు డైరెక్టరు అవాలన్నా అంతే.

ఇక్కడ ఆగండి. టాలెంటు ఉంటే పైకొస్తారు అంటారే, ఆ మాట ఇక్కడ చచ్చిపోద్ది. మూడేళ్లు అద్దె కట్టగల తండ్రి ఉన్న కొడుకే ఆ మెట్టు ఎక్కుతాడు. ఊళ్లో నాలుగెకరాలు అమ్మి కొడుకుని కృష్ణానగర్‌లో పెట్టినోళ్లని నేను చూశాను. మేం ఏం అమ్మాలి? ఆ రేకుల గదిలో నలుగురిలో ముగ్గురు మనోళ్లే. అయిదేళ్లయినా దెయ్యాలుగానే ఉన్నారు. నేను ఒక్కణ్ణే ఎందుకు ధైర్యంగా ఉన్నానంటే జూన్ 12న నాకు బడి ఉంది, నెలాఖరుకు జీతం ఉంది. రిజర్వేషన్ ఇచ్చిన ఉద్యోగం నా వెనక ఉంది. ప్రతిభ ప్రతిభ అని అరిచేవాళ్లు రాసుకోండి, నేను చానలు మెట్లెక్కడానికి కూడా అంబేద్కరే అద్దె కట్టాడు.

నా కాన్సెప్టు పేరు ‘నల్ల చేతులు’. పొగాకు కంపెనీలో గ్రేడింగు చేసే ఆరుగురు ఆడవాళ్లు. తెల్లారుజాము ట్రాక్టరు. పేర్లు పిలిచే మేస్త్రి. ఒకామె కూతురు ఇంటరు చదువుద్ది. ఆమె ఫీజు కోసం ఆరుగురూ కలిసి చీటీ వేస్తారు. చీటీ సొమ్ము పోద్ది. ఎవరు తీశారు? అక్కడ మొదలవుద్ది కథ. ఏడుపు ఉంది, నవ్వు ఉంది, దొంగ ఎవరో తెలియని ఉత్కంఠ ఉంది. కొడుకు తల్లికి ముద్దలు పెట్టే సీను ఉంది. సీరియల్‌కి ఏం కావాలో అన్నీ ఉన్నాయి.

ఆ చానలు పేరు చెప్పను. ఒక్కదాని పేరు చెప్తే మిగతావి తప్పించుకుంటాయి. పై అంతస్తులో గది, చల్లగా ఉంది. నలుగురు కూచున్నారు. ఎవరూ నన్ను కులం పెట్టి తిట్టలేదు. కాఫీ ఇచ్చారు, అందరికీ ఇచ్చిన కప్పులోనే. నేను అయిదు నిమిషాల్లో కథ చెప్పాను. ముద్దల సీను దగ్గర ఒకావిడ కళ్లు తుడుచుకుంది. నా పని అయిపోయిందనుకున్నాను.

“బాగుంది మాస్టారూ, చాలా నేటివిటీ ఉంది. కానీ హీరోయిన్ పొగాకు కంపెనీకి ఎందుకు పోతుంది?” అన్నాడు మధ్యలో కూచున్నాయన.

“కూలికండీ.”

“అదే, ఎందుకు? ఆస్తి పోయిందా? తండ్రి ఎవరి చేతిలోనైనా మోసపోయాడా?”

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నోరు రాలేదు. వాళ్ల లెక్కలో పేదరికం అంటే పైనుంచి కింద పడటం. మా అమ్మ ఎక్కణ్ణుంచీ పడలేదండీ. ఆమె కింద ఉంచబడింది. ఆమె తల్లి కూడా, తల్లి తల్లి కూడా. ఆ ‘ఎందుకు’కి జవాబు చెప్పాలంటే మీ తాతల దాకా పోవాలి. ఆ జవాబు అయిదు నిమిషాల్లో అవదు. ఆ గదిలో అసలే అవదు.

తర్వాత ఒక్కొక్కటీ పీకారు. పొగాకు చూపిస్తే కింద హెచ్చరికలు వేయాల్సొస్తుందట, తలనొప్పి. “పసుపు పెడదాం. దుగ్గిరాల పసుపు యార్డు. స్క్రీన్ మీద కలర్ ఉంటుంది, శుభం కూడా.” పేరు కూడా అక్కడికక్కడే పెట్టేశారు, ‘పసుపు చేతులు’. ఆరుగురు ఎక్కువ, ఒకామె చాలు. చీటీ వద్దు, తాళిబొట్టు పోయిందని పెడదాం. తల్లికి కొడుకు ముద్దలు పెట్టడం కన్నా హీరో పెడితే రొమాన్సు. “పాత్రలకి కులం తగలకుండా న్యూట్రల్‌గా ఉంచండి” అన్నారు. సరే అని మీ దగ్గరున్న న్యూట్రల్ ఇల్లు ఎలా ఉంటుందో చూపించమన్నాను. చూపించారు. తులసికోట, పూజగది, గోడ మీద పంచె కట్టిన తాతగారి పటం. న్యూట్రల్ అంటే ఎవరి కులమో ఆ రోజు తెలిసింది.

బయటికొచ్చేటప్పుడు ఒక కుర్రాయన లిఫ్టు దాకా వచ్చాడు. మంచిగానే చెప్పాడు. “మీ వైపే కదండీ కారంచేడు. అలాంటిదేమన్నా ఉంటే చెప్పండి. టీవీకి కుదరదుగానీ ఓటీటీకి పిచ్చెక్కిపోతుంది.” 1985 జులై 17న మంచినీళ్ల చెరువు దగ్గర మొదలై ఆరుగురు మాదిగల్ని చంపిన ఊరు. ఆయనకి అది కంటెంటు. టీవీకేమో మేం బతికి ఉండటం పనికిరాదు. ఓటీటీకేమో మేం చచ్చిపోతే పనికొస్తాం. మధ్యలో మేం అన్నం తినేది, చీటీలు వేసుకునేది, పోట్లాడుకునేది, నవ్వుకునేది ఎవరికీ కథ కాదు.

ఇప్పుడు సిగ్గుపడాల్సింది చెప్తాను. నేను లేచి రాలేదు. ‘సరే సార్, మార్చుకొస్తా’ అన్నాను.

మార్చాను. ఆ సెలవులంతా మార్చాను. దసరా సెలవుల్లో మార్చాను. 2020లో బళ్లు మూసేస్తే ఇంట్లో కూచుని మార్చాను. మా అమ్మ నా పక్కన మంచం మీద పడుకుని దగ్గుతా ఉంటే ఆమె చేతుల బంక కడిగి పసుపు పూసింది నేనే. హీరోయిన్ తండ్రికి నలభై ఎకరాలు రాసిచ్చింది నేనే. మూడు సార్లు తిరగరాశాను. ఒక్క రూపాయి రాలేదు. ‘ఫైలు ఉంచి వెళ్లండి, పైన చూపించాలి’ అన్నారు. ఉంచి వచ్చాను. రసీదు అడగలేదు. మేస్త్రిని మా అమ్మ రసీదు అడిగిందా ఏనాడైనా?

2022లో ఒక రాత్రి మా అమ్మ టీవీ చూస్తా ఉంది. వేరే చానలు, వేరే పేరు. ఒక పిల్ల మిరప యార్డులో పనిచేసి ఇంటికొస్తుంది. చేతులు మంట. అన్నం కలుపుకోలేదు. హీరో వచ్చి ముద్దలు పెడతాడు. వెనక వయొలిన్. మా అమ్మ నన్ను పిలిచింది.

“ఒరే అబ్బయా, ఇది నువ్వు నాకు పెట్టిందేగా?”

నేను మాట్లాడలేదు.

“నువ్వే చెప్పావా వాళ్లకి?”

“చెప్పానమ్మా.”

“మరి నా చేతులు ఆ పిల్లకెందుకు పెట్టారా?”

ఎవరు ఎవరికి చెప్పారో నేను రుజువు చెయ్యలేను. చేతులు మండిన ఆడది లోకంలో మా అమ్మ ఒక్కతే కాదు, ఇంకెవరికైనా తట్టి ఉండొచ్చు. అందుకే ఎవరినీ దొంగ అనడం లేదు. కానీ మా అమ్మ అడిగిన ప్రశ్న నాకే. నేను ఆమె చేతుల్ని బల్ల మీద పెట్టి వచ్చాను.

చట్టం ఏమంటుందో తర్వాత తెలుసుకున్నాను, ముందు తెలుసుకోవాల్సింది. ఉత్త ఆలోచనకి కాపీరైటు లేదని సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. ఆ ఆలోచనని నువ్వు మలిచిన తీరుకే హక్కు. అయితే టీవీ కార్యక్రమాల విషయంలో 2002లో ఢిల్లీ హైకోర్టు, 2003లో బొంబాయి హైకోర్టు ఇంకో మాట చెప్పాయి. వివరంగా తయారుచేసిన కాన్సెప్టుని నమ్మకం మీద ఒకరికి చెప్తే, ఆ నమ్మకాన్ని వాడుకుని వాళ్లు సొంతంగా తీసుకోవడానికి వీల్లేదని ఆపుదల ఉత్తర్వులిచ్చాయి. అంటే కాగితం మీద ఎంత వివరంగా ఉంటే అంత బలం. ఏ తేదీన ఎవరికి ఇచ్చావో రుజువుంటే అంత బలం. నోటితో చెప్పింది గాలిలో పోద్ది. మా జాతికి కథంతా నోటి మీదే ఉంది కదా. చిందు భాగోతం నోటి మీద, డక్కలి కథ నోటి మీద. నోటి మీద ఉన్నదాన్ని ఎవరైనా ఏరుకుపోవచ్చని రాసినోళ్ల చట్టం.

వాళ్ల చివరి అస్త్రం ఒకటుంది. “మాకేం లేదు మాస్టారూ, ఆడియన్స్ ఒప్పుకోరు.” ఈ ఆడియన్స్ అనే దేవుణ్ణి కొంచెం దగ్గర్నుంచి చూద్దాం.

2015 నుంచి టీవీ ఎవరు చూస్తున్నారో లెక్క కట్టింది బార్క్ అనే సంస్థ. మీటర్లు పెట్టింది దేశం మొత్తానికీ కొన్ని పదుల వేల ఇళ్లలో. పల్లెటూళ్ల లెక్క మొదలైందే ఆ ఏడు అక్టోబరులో. అంతకుముందు ఎన్నో ఏళ్లు పట్నం చూసిందే దేశం చూసినట్టు. ఆ ఇళ్లని తరగతులుగా విడగొట్టడానికి 2011లో వచ్చిన పద్ధతి ఒకటుంది, ఎన్‌సీసీఎస్ అంటారు. ఇంట్లో ముఖ్యంగా సంపాదించేవాడి చదువు ఎంత, పదకొండు వస్తువుల్లో ఎన్ని ఉన్నాయి అనేదే కొలత. కరెంటు, ఫ్యాను, గ్యాసుపొయ్యి, బండి, రంగుల టీవీ, ఫ్రిజ్జు, వాషింగ్ మిషను, కంప్యూటరు, కారు, ఏసీ. పదకొండోది ఏంటో తెలుసా? వ్యవసాయ భూమి.

చదువూ భూమీ! మను దగ్గర్నుంచీ మాకు లేకుండా చేసినవి ఆ రెండే. ప్రకటన ఇచ్చే కంపెనీ చూసేది పై తరగతుల్ని. చానలు చూసేది కంపెనీని. రైటరు చూసేది చానలుని. కాబట్టి మా అమ్మ రోజుకి నాలుగు గంటలు టీవీ చూసినా ఆమె ఆడియన్స్ కాదు. ఆమె చూస్తుంది, ఆమెని ఎవరూ చూడరు. దీనికి పాతకాలంలో వేరే పేరుండేది.

సరే, పల్లెల్లో మనుషులు మన కథ చూడరా? 2019 డిసెంబరులో హిందీలో అంబేద్కర్ జీవితం మీద ‘ఏక్ మహానాయక్’ సీరియల్ మొదలైంది. 2020లో కన్నడంలోకి డబ్బింగ్ చేస్తే కర్ణాటక ఊళ్లలో జనం సొంత డబ్బులతో ఫ్లెక్సీలు కట్టారు. ఏ సీరియల్‌కి కట్టారండీ ఫ్లెక్సీలు? ఆపెయ్యమని ఆ చానలు పెద్దకి బెదిరింపులూ వచ్చాయి. ఆయన ఆపలేదు. నీతి చెప్తే జనం పారిపోతారన్నది కూడా అబద్ధమే. 1984లో ‘హమ్ లోగ్’ వచ్చింది. దిగువ మధ్యతరగతి కుటుంబం, ఆడపిల్లల బతుకు, తాగుడు. 156 భాగాలు. ప్రతి భాగం చివర అశోక్ కుమార్ వచ్చి మాట్లాడేవాడు. లక్షల్లో ఉత్తరాలొచ్చాయి. జనం ఒప్పుకోరన్న మాట జనం ఎప్పుడూ అనలేదు. జనం పేరు మీద ఆ గదిలో నలుగురు అన్నారు.

ఆ నలుగురు ఎవరో కూడా లెక్క ఉంది. సీరియళ్ల గదుల లెక్క ఎవరూ తీయలేదుగానీ వార్తల గదుల లెక్క తీశారు. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి పత్రికలు, చానళ్లు, వెబ్‌సైట్లలో 121 పెద్ద కుర్చీలు చూస్తే 106 అగ్రకులాలవి. ఎస్సీ ఎస్టీలు సున్నా. వార్తల గదే అట్లా ఉంటే కథల గది వేరేగా ఉంటదా? నాకు ఆ గదిలో తెలిసిన జవాబు అదే. తెలియక పొగాకుని పసుపు చెయ్యలేదు వాళ్లు. తెలిసినోడు ఒక్కడన్నా ఆ కుర్చీలో ఉంటే ‘ఎందుకు పోతుంది’ అని అడగడు.

మనోళ్లలో కూడా కొందరికి చెప్పాలి. నా కవితా సంపుటాల మిత్రులున్నారు. “టీవీ బూర్జువాలది, సీరియల్ చెత్త, నీకెందుకు మాస్టారూ” అంటారు. అన్నా, మీరు వెయ్యి కాపీలు అచ్చేసి ఎనిమిది వందలు పంచిపెడతారు. మా అమ్మకు చదువు రాదు. మీ కవిత ఆమెకి చేరదు. రాత్రి ఏడింటికి ఆమె ఇంట్లోకి వచ్చేది ఆ పెట్టె ఒక్కటే. దాన్ని వదిలేయడం అంటే మా అమ్మని వాళ్లకి వదిలేయడం. ఊరి బావిలో నీళ్లు మురికని మనం మానుకోలేదు కదా. మహద్ చెరువు నీళ్లు అమృతమని అంబేద్కర్ 1927లో తాగలేదు. హక్కని తాగాడు.

రాయడం ఒక్కటే చాలదని కూడా తెలుసుకున్నాను. తమిళంలో పా. రంజిత్ రజనీకాంత్‌తో ‘కబాలి’, ‘కాలా’ తీసి ఊరుకోలేదు. సొంత నిర్మాణ సంస్థ పెట్టి 2018లో మారి సెల్వరాజ్ చేత ‘పరియేరుమ్ పెరుమాళ్’ తీయించాడు. రాసేవాణ్ణి మార్చమంటారు, తీసేవాణ్ణి తప్పిస్తారు, డబ్బు పెట్టేవాణ్ణి ఏం చేస్తారు? మన పిల్లలు ప్రొడక్షన్ నేర్చుకోవాలి. బడ్జెట్ షీటు వేయడం, షెడ్యూలు వేయడం, ఎడిటింగు, ఒప్పందం చదవడం నేర్చుకోవాలి. కవులు మనకి చాలామంది ఉన్నారు. ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్లు లేరు.

మనకి చేతకాదు అంటారా? జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత ఆడవాళ్లు, బడి మొహం చూడనోళ్లు, కెమెరా పట్టారు. తమ జొన్నల మీద, విత్తనాల మీద సినిమాలు తీశారు. 2008లో మాచనూరులో సంఘం రేడియో పెట్టారు. వాళ్ల కెమెరా కింది నుంచి పైకి చూసి భూస్వామిని పెద్దగా చూపించదని, పైనుంచి కిందికి చూసి కూలిని చిన్నగా చూపించదని వాళ్లు చెప్పుకుంటారు. ఏ ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పుతారండీ ఈ పాఠం?

ప్రభుత్వానికీ ఒక మాట. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు సైట్ పేరుతో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2400 గ్రామాలకి టీవీ చూపించారు. అందులో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. టీవీ పెట్టె ఆసామి ఇంట్లో కాదు, అందరూ వచ్చే చోట ఉండాలన్నది ఆ పథకం. తర్వాత 1977లో హైదరాబాదులో దూరదర్శన్ వచ్చింది. ప్రజల డబ్బుతో నడిచే చానలది. దాని డబ్బులో మా అమ్మ కొన్న అగ్గిపెట్టె పన్ను కూడా ఉంది. ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఉంది, సరే. తీసే కార్యక్రమాల్లో మా వాటా ఏది? మా పిల్లలకు ఆ స్టూడియోలో రెండేళ్లు జీతమిచ్చి పని నేర్పండి. జీతమిచ్చి అంటున్నాను. ఉచితంగా పని చేసే ఓపిక మా తాతలకే అయిపోయింది. ప్రైవేటు చానళ్లు కూడా ఘోస్టుల పేర్లు తెర మీద వేయాలి. పేరు వేయడానికి పైసా ఖర్చు కాదు. అయినా వేయరంటే దాని వెనక ఖర్చు కాదు, ఇంకేదో ఉంది.

ఇప్పుడు నా బడిలో ఎనిమిదో తరగతి పిల్లలతో శనివారాలు సీన్లు రాయిస్తున్నాను. ఫోనుతో తీస్తున్నాం. ఎవరు మాట్లాడేది, కెమెరా ఎక్కడ పెట్టేది, వాళ్లే తేల్చుకుంటారు. మొన్న ఒక పిల్ల సీను రాసింది. తల్లి ట్రాక్టరు ఎక్కుద్ది, మేస్త్రి పేరు పిలవడు, తల్లి దిగదు. అంతే సీను. “తర్వాత ఏమైద్దమ్మా?” అన్నాను. “ఆమె దిగదు సార్. బండి ఎట్లా పోద్దో వాళ్లే చూసుకోవాలి” అంది. నాకు ముప్పై ఏళ్లొచ్చినా ఇది రాయడం రాలేదు. కింద దాని పేరు రాయించి, తేదీ వేయించి, నేను సాక్షి సంతకం పెట్టాను.

‘నల్ల చేతులు’ మళ్లీ రాశాను. ఆరుగురూ ఉన్నారు. చీటీ ఉంది. పొగాకు ఉంది. హెచ్చరిక వేసుకోండి కింద, మాకేం అభ్యంతరం లేదు. 180 పేజీల బైబిలు అయింది. ప్రతి పేజీ మీద నా సంతకం, తేదీ ఉన్నాయి. మొదటి పేజీలో ‘కథ’ అన్నచోట మా అమ్మ పేరు పెట్టాను. ఆమె వేలిముద్ర వేసింది. వేసేటప్పుడు బొటనవేలు చూసుకుని, “ఇప్పుడు నల్లగా లేదురా, ఇంకు బాగా రాయి” అంది.

వచ్చే సెలవుల్లో మళ్లీ పోతాను. ఏ చానలుకైనా పోతాను. కాఫీ ఇస్తే తాగుతాను. ఫైలు మాత్రం రసీదు లేకుండా బల్ల మీద పెట్టను.